మీకు అర్హత ఉంది, కానీ

ఏప్రిల్ మూడో వారం,
కెంటకీ కొండల్లో డాగ్‌వుడ్ చెట్లు తెల్లగా విచ్చుకునే రోజుల్లో
నేను ఉత్తరాలు అంటిస్తాను.
నర్సింగ్ కాలేజీ ఆఫీసులో నా పని అది.
పైన పేరు, ఊరు. కింద అందరికీ ఒకటే మాట:
"మీకు అర్హత ఉంది, కానీ."

ఈ ఏడు నూట ఆరు కవర్లు.
మధ్యాహ్నానికి స్పాంజి ఎండిపోతే
నాలుకతోనే తడిపాను.
రాత్రి అన్నం నోట్లో పెట్టుకుంటే
జిగురు రుచి.

తప్పు వాళ్ళ మార్కుల్లో లేదు.
గదులున్నాయి, బల్లలున్నాయి,
మీట నొక్కితే ఊపిరి పీల్చే రబ్బరు రోగి కూడా ఉన్నాడు,
మెడ దాకా దుప్పటి కప్పుకుని, మాకంటే సుఖంగా.
వంట అయింది, ఆకలీ ఉంది,
వడ్డించే చెయ్యే లేదు.

ట్రావిస్ నేపియర్ అక్టోబరులో వెళ్ళిపోయాడు,
గుండె పాఠం సగంలో ఆపి.
బోర్డు మీద ఎడమ గదులు రెండే గీసి ఉన్నాయి.
చెరపడానికి చాలా రోజులు నాకు చెయ్యాడలేదు.
లెక్సింగ్టన్‌లో రాత్రి డ్యూటీ చేస్తే
ఇక్కడి జీతానికి దాదాపు రెట్టింపు.
ముగ్గురు పిల్లల తండ్రి. ఏమంటాం?

మిగిలింది వెర్నా స్టిడమ్ ఒక్కతే.
అరవై తొమ్మిదేళ్ళు. మోకాళ్ళు రెండూ స్టీలువి.
రెండుసార్లు రిటైరైంది.
రెండోసారి కేకు తెచ్చిన డబ్బా ఇంకా స్టాఫ్ గదిలోనే ఉంది,
అందులో గుండుసూదులు పోసుకుంటాం.
వార్డులో ఒక టీచరు వెనక పదిమందే నడవాలి, అది రూలు.
పదకొండో పిల్లని
నేను మడిచి కవర్లో పెడతాను.

గోడకి అవతల్నుంచి ఆవిడ గొంతు వినిపిస్తూ ఉంటుంది.
"మిషన్ని తర్వాత అడుగుదువు గాని, ముందు వేళ్ళని అడుగు.
బొటనవేలు పెట్టకమ్మా,
దాన్లో నీ నాడే కొట్టుకుంటుంది.
పోయినవాడు కూడా బతికే ఉన్నాడనుకుంటావ్."
పిల్లలు నవ్వుతారు.
నేను ఇవతల స్టాంపులు లెక్కపెట్టుకుంటాను.

నవంబరులో మా క్లెల్‌ని ఆస్పత్రిలో చేర్చాను.
ముప్పై ఏళ్ళు గనిలో పీల్చిన బొగ్గు
ఒక్కసారిగా బాకీ అడగడానికొచ్చింది.
రాత్రి రెండు దాటింది. గంట నొక్కాను.
తలుపు మీద ఎర్రదీపం వెలిగింది.
ఆ అంతస్తు మొత్తానికి ఇద్దరే నర్సులు,
ఎవరో పెద్దగా అరుస్తున్న గదిలో ఉన్నారు, ఇద్దరూ.

ఆయన మణికట్టు పట్టుకున్నాను.
కొట్టుకుంటోంది, బాగా, గట్టిగా,
నాకు ధైర్యం వచ్చేంత గట్టిగా.

"బొటనవేలు కాదండీ."
గుమ్మంలో, తడిబట్ట కర్రకి ఆనుకుని ఒక అమ్మాయి.
"రెండు వేళ్ళు. ఇంకొంచెం లోపలికి.
నేను ముట్టుకోకూడదు, నాది తుడిచే పని.
మీరే పట్టుకోండి, నేను చెబుతాను."

ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను.
"ఉత్తరం రాకముందే పుస్తకం కొనేశానండి.
వాపసు తీసుకోమన్నారు."

చొక్కా మీద పేరు, మెకెన్నా స్లోన్.
ఎస్ అక్షరం. రెండో కట్ట. పైనుంచి నాలుగోది.
కవరు మూల కాస్త నలిగితే
గోటితో నేనే సరిచేశాను.

చెప్పాలనుకున్నాను.
నోరంతా జిగురు.

బొటనవేలు తీసి రెండు వేళ్ళు ఆనించాను.
మొదట ఏమీ లేదు.
తర్వాత, చాలా లోతున,
తవ్విన చోట ఎవరో బతికుండి రాయి తట్టినట్టు.
ఆ అమ్మాయి గోడ గడియారం చూస్తూ,
నేను పైకి లెక్కపెడుతూ,
ఇరవై, ఇరవై ఒకటి, ఒక్కోచోట తప్పుతూ.

మా తల మీద ఎర్రదీపం
అలాగే ఉంది.